లండన్‌కి అమ్మానాన్నల్నీ పిల్లల్నీ తీసుకెళ్తున్నారా, అయితే ప్లాన్ ఇలా వేసుకోండి

ముందుగా ఒక పని చేయండి, మీరు రాసుకున్న లిస్ట్ తీసి అందులో సగం కొట్టేయండి. నిజంగానే చెప్తున్నా. మేం ఆరుగురం వెళ్లాం, నేను, మా ఆయన, పన్నెండేళ్ల పాప, ఆరేళ్ల బాబు, మా అమ్మా నాన్నా, మొత్తం ఏడు రోజులు. మొదటి రెండు రోజులు రోజుకి నాలుగేసి చోట్లు పెట్టుకున్నాం, అంత డబ్బు పెట్టి వచ్చాం కదా ఏదీ వదలకూడదని. రెండో రోజు సాయంత్రం కోవెంట్ గార్డెన్ స్టేషన్‌లో లిఫ్ట్ దగ్గర జనం బాగా ఉన్నారు, సరే మెట్లెక్కేద్దాం అనుకుని అందరం బయల్దేరాం. అది గుండ్రంగా తిరుగుతూ పైకెళ్లే ఇనప మెట్ల దారి, మొత్తం 193 మెట్లు, కింద బోర్డు మీద రాసే ఉంటుంది, మేం చూసుకోలేదు. సగంలో అమ్మ రెయిలింగ్ పట్టుకుని మెట్టు మీదే కూర్చుండిపోయింది, ఒక్క మాట కూడా మాట్లాడలేదు, చెయ్యి మాత్రం ఊపింది మీరెళ్లండి అని. ఆ రాత్రి హోటల్‌కి వచ్చాక ప్లాన్ మొత్తం మార్చేశాం. పొద్దున ఒక పెద్ద చోటు, సాయంత్రం కాళ్లకి శ్రమ లేని చిన్నది ఒకటి, మధ్యలో అందరూ కూర్చునే టైమ్ కనీసం గంటన్నర. మిగతా అయిదు రోజులు ఇదే పద్ధతిలో చూశాం, ఇప్పటికీ ఇంట్లో చెప్పుకునేవన్నీ ఆ అయిదు రోజులవే.

ఇంకోటి, లెస్టర్ స్క్వేర్ స్టేషన్ నుంచి కోవెంట్ గార్డెన్‌కి అసలు ట్రైన్ ఎక్కే పనే లేదు, మూడొందల మీటర్లు కూడా ఉండదు, షాపులు చూసుకుంటూ నడిస్తే అయిదు నిమిషాలు. ట్యూబ్ అంటే లండన్ మెట్రో రైలు, దాని మ్యాప్ చూస్తే దూరాలు తెలియవు, స్టేషన్లన్నీ సమానంగా దూరం ఉన్నట్టు గీస్తారు, అందుకే ప్రతిసారీ ఫోన్‌లో నడక దూరం చూసుకుని అప్పుడు డిసైడ్ అవ్వండి.

వీసా సంగతి గబగబా చెప్పేస్తా. యూరప్ దేశాలకి ఇచ్చే షెంజెన్ వీసా ఉన్నా యూకేకి పనికిరాదు, వేరే తీసుకోవాలి, పసిపిల్లలతో సహా ఒక్కొక్కరికి ఒక్కో అప్లికేషన్ పెట్టాలి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. పిల్లల సెలవులు చూసుకుని అందరూ ఒకేసారి అప్లై చేస్తారు కాబట్టి చివరి నెల దాకా ఆగకండి, వీసా వచ్చేదాకా డబ్బులు వెనక్కి రాని హోటల్ బుక్ చేయకండి.

హోటల్ దగ్గర చాలామంది రేటు ఒక్కటే చూస్తారు, నేనైతే ముందు దగ్గర్లో ఉన్న స్టేషన్‌లో లిఫ్ట్ ఉందా లేదా చూడమంటాను. లండన్ ట్యూబ్ 1863లో మొదలైంది, అంత పాత స్టేషన్లలో లిఫ్టులు పెట్టడం కుదరనివి బోలెడు, ఇప్పటికీ మూడో వంతు స్టేషన్లలోనే మెట్లు లేకుండా రోడ్డు మీద నుంచి ప్లాట్‌ఫామ్ దాకా వెళ్లగలం. 2022లో వచ్చిన ఎలిజబెత్ లైన్ అనే రైలు దారిలో మాత్రం అన్ని స్టేషన్లలోనూ మెట్లెక్కకుండా వెళ్లొచ్చు, పైగా హీత్రో ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా ఊరి మధ్యలోకి వస్తుంది, ఏసీ ఉంటుంది, పెట్టెలు పెట్టుకోడానికి చోటుంటుంది. అందుకే పాడింగ్టన్, టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్, ఫారింగ్‌డన్, వైట్‌చాపెల్ చుట్టుపక్కల చూసుకుంటే పెద్దవాళ్లతో, స్ట్రోలర్‌తో ఏడు రోజులూ హాయిగా ఉంటుంది. పికడిల్లీ లైన్ కూడా హీత్రో నుంచి వస్తుంది, బాగా చవక, కానీ దాదాపు గంట పడుతుంది, నాలుగు పెద్ద పెట్టెలు ఉంటే దాని జోలికి వెళ్లకండి. చిన్న వంటగది ఉండే సర్వీస్ అపార్ట్‌మెంట్ దొరికితే తీసేసుకోండి, పొద్దున్నే పెద్దవాళ్లకి వేడి కాఫీ, రాత్రి ఇంత అన్నం పెరుగు ఉంటే సగం అలసట అక్కడే పోతుంది.

ఇప్పుడు అసలైనది, తిరగడం. ముందే డబ్బులు వేసి వాడుకునే ప్రయాణ కార్డు, ఓయిస్టర్ కార్డ్ కొనుక్కోవచ్చు, లేదా మీ బ్యాంకు కార్డులో కాంటాక్ట్‌లెస్ ఉంటే అదే గేటు దగ్గర ట్యాప్ చేయొచ్చు, ఛార్జీ ఒకటే. కానీ ఒక కార్డు మీద ఒక్కరే, ఇద్దరు పెద్దవాళ్లు ఒకే కార్డు వాడలేరు. ఒక రోజులో ఎంత తిరిగినా ఒక లిమిట్ దాటి డబ్బులు కట్ అవ్వవు, దాన్ని డైలీ క్యాప్ అంటారు, అది పనిచేయాలంటే ఆ రోజంతా అదే కార్డు వాడాలి. మా ఆయన ఒకరోజు లోపలికి వెళ్లేటప్పుడు ఫోన్‌తో ట్యాప్ చేసి బయటికొచ్చేటప్పుడు పర్సులోంచి కార్డు తీసి ట్యాప్ చేశారు, రెండూ ఒకే అకౌంట్ కదా అనుకున్నారు. కానీ అక్కడ ఫోన్ వేరు కార్డు వేరు, రెండు సగం సగం ప్రయాణాల కింద లెక్కేసి రెండింటికీ మాక్సిమమ్ ఛార్జీ పడింది. అందుకే పొద్దున బయల్దేరేటప్పుడే నువ్వు ఇది నేను ఇది అని తేల్చేసుకోండి. కాంటాక్ట్‌లెస్ అలవాటు లేని అమ్మానాన్నలకి ఓయిస్టరే మంచిది, మెడలో వేసుకునే ట్యాగ్‌లో పెట్టేస్తే ప్రతిసారీ వెతుక్కోవడం ఉండదు. ట్యూబ్‌లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ట్యాప్ చేయాలి, బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే.

పిల్లల విషయంలో చాలామంది అనవసరంగా డబ్బు కడతారు. పదకొండేళ్ల లోపు పిల్లలు ట్యూబ్, ఎలిజబెత్ లైన్, డీఎల్ఆర్ అనే చిన్న రైళ్లు, బస్సు అన్నింట్లో ఫ్రీ, ట్యూబ్‌లో అయితే టికెట్ ఉన్న ఒక పెద్దవాళ్లతో నలుగురు దాకా వెళ్లొచ్చు, వెడల్పు గేటు దగ్గర కలిసి దాటేయండి. పదకొండు నుంచి పదిహేను మధ్య వాళ్లకి ఓయిస్టర్ కార్డు తీసుకుని స్టేషన్‌లో స్టాఫ్‌ని యంగ్ విజిటర్ డిస్కౌంట్ పెట్టమని అడగాలి, పద్నాలుగు రోజుల దాకా సగం ఛార్జీయే పడుతుంది. పాపని పక్కన నిలబెట్టుకుని అడిగితే రెండు నిమిషాల్లో మెషిన్ దగ్గరే చేసిచ్చారు. బ్యాంకు కార్డు మీద ఇది రాదు, అడక్కపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు కూడా.

బస్సుని మాత్రం చిన్నచూపు చూడకండి. ఎర్ర డబుల్ డెక్కర్‌లో టికెట్ 2025లో 1.75 పౌండ్లు ఉండేది, మొదటి ట్యాప్ నుంచి గంటలోపు ఇంకెన్ని బస్సులు మారినా మళ్లీ కట్ అవ్వదు. డబ్బులు తీసుకోరు, 2014 నుంచే ఆపేశారు, కార్డే కావాలి. టూరిస్ట్ బస్సు టికెట్లకి అంత పెట్టే బదులు ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర 15 నంబర్ ఎక్కి పై అంతస్తులో ముందు సీట్లో కూర్చోండి, సెయింట్ పాల్స్ చర్చి పక్క నుంచి టవర్ ఆఫ్ లండన్ అనే పాత కోట దాకా తీసుకెళ్తుంది, 9 నంబర్ అయితే పికడిల్లీ, హైడ్ పార్క్ కార్నర్, రాయల్ ఆల్బర్ట్ హాల్ చూపిస్తుంది. మా నాన్నకి మోకాళ్ల నొప్పి, ఆయన లండన్ చూసింది ఎక్కువ ఈ బస్సు కిటికీలోంచే, ఆయనే అందరికంటే ఎక్కువ చూశారు. అయిదుగురు ఒకేసారి తక్కువ దూరం వెళ్లాలంటే బ్లాక్ క్యాబ్ కూడా లెక్కేసి చూడండి, అందరూ పడతారు, వీల్‌చెయిర్ కూడా నేరుగా ఎక్కుతుంది.

రోజులు ఎలా పంచుకోవాలో చెప్తా. ఇండియా నుంచి వెళ్తే ఎండాకాలం నాలుగున్నర గంటలు, చలికాలం అయిదున్నర గంటలు తేడా, కాబట్టి మొదటి రెండు మూడు రోజులు ఇంటిల్లిపాదీ తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చుంటారు. మళ్లీ పడుకోమని పిల్లల్ని తిట్టకండి, ఆ టైమ్ వాడుకోండి. జూన్‌లో అయిదు కాకముందే తెల్లారిపోతుంది. ఆరున్నరకి వెస్ట్‌మినిస్టర్ స్టేషన్ మెట్లెక్కి బయటికి రాగానే నెత్తి మీదే బిగ్ బెన్, బ్రిడ్జి మీద ఒకరిద్దరు జాగింగ్ చేసేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు, పది దాటితే అదే బ్రిడ్జి మీద ఫోటోకి నిలబడే చోటుండదు. అక్కణ్ణుంచి సెయింట్ జేమ్స్ పార్క్‌లోకి నడిస్తే చెరువులో పెలికాన్ కొంగలుంటాయి, 1664లో రష్యా రాయబారి కానుకగా ఇచ్చినప్పటి నుంచి ఆ పార్కులో పెలికాన్లు ఉన్నాయట, పిల్లలు ఆడుకునే చోటు కూడా ఉంది. పార్కు దాటితే బకింగ్‌హామ్ ప్యాలెస్. గార్డులు మారే కార్యక్రమం పదకొండుకి, రోజూ ఉండదు, ముందే తేదీలు చూసుకోండి, వాన పడితే ఆపేస్తారు. ఆరేళ్ల పిల్లాడితో గంట ముందు నుంచి కంచె దగ్గర నిలబడటం కష్టం, మేం హార్స్ గార్డ్స్ దగ్గరికెళ్లాం, అక్కడ గుర్రాల మీద గార్డులు మారతారు, ఆదివారం తప్ప పదకొండుకే, ఆదివారం పదింటికి, జనం తక్కువ, గుర్రాలు పక్కనే కనిపిస్తాయి, బాబు ఇప్పటికీ ఆ గుర్రం బొమ్మలే వేస్తున్నాడు.

టవర్ ఆఫ్ లండన్‌కి టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకుని తెరిచే టైమ్‌కి గేటు దగ్గరుండండి, లోపలికి వెళ్లగానే వేరేవేమీ చూడకుండా నేరుగా క్రౌన్ జ్యువెల్స్‌కి వెళ్లిపోండి, పదకొండు దాటితే అక్కడ క్యూ చాంతాడంత అవుతుంది. కిరీటాల ముందు నేల మెల్లగా కదులుతూ ఉంటుంది, నిలబడితే అదే తీసుకెళ్తుంది, ఫోటోలు తీయనివ్వరు. కోహినూర్ 1937లో చేసిన క్వీన్ మదర్ కిరీటంలో ఉంది, 105.6 క్యారెట్లు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనవాళ్లు చెప్పుకునే వజ్రం అదే. జనం తక్కువుంటే మళ్లీ వెనక్కొచ్చి ఇంకోసారి ఎక్కొచ్చు, మా నాన్న మూడుసార్లు ఎక్కారు. తర్వాత బీఫ్ఈటర్ టూర్ (బీఫ్ఈటర్లంటే ఆ కోట కాపలావాళ్లు) టికెట్‌లోనే కలిసి ఉంటుంది, ఎర్ర అంచుల ముదురు నీలం కోటు వేసుకున్న పెద్దాయన తలలు నరికిన కథలన్నీ గట్టిగా చెప్తాడు, పన్నెండేళ్ల పిల్లలకి బాగా నచ్చుతుంది, బాగా చిన్నపిల్లలకి భయమేస్తే కాకుల దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ పెంచే రావెన్ కాకులు ఆరుకి తగ్గితే రాజ్యం కూలిపోతుందని ఒక నమ్మకం. బయటికొస్తే ఎదురుగా టవర్ బ్రిడ్జి, 1894 నాటిది, చాలామంది దాన్నే లండన్ బ్రిడ్జి అనుకుంటారు, అది వేరే. ఓడల కోసం టవర్ బ్రిడ్జి మధ్యలో ఏ రోజు ఎన్నింటికి తెరుచుకుని పైకి లేస్తుందో వెబ్‌సైట్‌లో టైమ్‌లు పెడతారు, మీరు టవర్‌కి వెళ్లే రోజు ఆ టైమ్ చూసి కలుపుకోండి, పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు.

బ్రిటిష్ మ్యూజియం మొత్తం చూద్దామని వెళ్తే ఎవరూ బతికి బయటపడరు, రెండు గంటలు చాలు, మూడు వస్తువులు అనుకుని వెళ్లండి. ప్రవేశం ఫ్రీ, కానీ టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకుంటే క్యూ తగ్గుతుంది, శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది కాబట్టి అది సాయంత్రానికి పెట్టుకోవచ్చు. అందరూ మమ్మీల వైపు వెళ్తారు, మీరు మాత్రం 33ఏ గదికి వెళ్లకుండా రావద్దు. అమరావతి స్తూపం రాళ్లు అక్కడున్నాయి, 1840ల్లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి, తర్వాత ఓడ ఎక్కి లండన్ చేరినవి. ఆ గది ఒక్కోసారి మూసి ఉంటుంది, ముందు రోజు చూసుకోండి. అద్దాల వెనక తెల్లగా పాలరాయిలా కనిపిస్తాయి కానీ సున్నపురాయి. ఒక పలక మీద స్తూపాన్నే చెక్కారు, గుమ్మటం, కింద కంచె, చుట్టూ దండం పెట్టే మనుషులు, పూర్తిగా ఉన్నప్పుడు స్తూపం ఎలా ఉండేదో ఆ రాయి చూస్తేనే తెలుస్తుంది. మా అమ్మ గుంటూరులో చదువుకునేటప్పుడు అమరావతి చాలాసార్లు వెళ్లింది, అక్కడ మిగిలిన మట్టిదిబ్బే చూసింది. ఆ పలక ముందు బెంచీ లేకపోయినా ఇరవై నిమిషాలు కదల్లేదు, మెట్ల మీద కూలబడిపోయిన మనిషి. చెక్కిన ఆడవాళ్ల చేతి గాజులు లెక్కపెట్టి పాపకి చూపించింది. మీతో పెద్దవాళ్లుంటే ఈ గదికి టైమ్ ఉంచండి, దయచేసి హడావుడి చేయకండి.

పిల్లల కోసం సౌత్ కెన్సింగ్టన్. స్టేషన్ నుంచి సొరంగంలో నడుచుకుంటూ నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం దాకా వెళ్లిపోవచ్చు, వానలో తడవక్కర్లేదు. రెండూ ఫ్రీ, రెండూ ఒకే రోజు మాత్రం వద్దు. నేచురల్ హిస్టరీలో హాల్ పైన 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం వేలాడుతుంది, పేరు హోప్. మెయిన్ గేటు దగ్గర క్యూ ఎక్కువుంటే ఎగ్జిబిషన్ రోడ్ వైపు గేటు నుంచి రండి, ఎస్కలేటర్ ఒక పెద్ద భూగోళం లోపలి నుంచి పైకెళ్తుంది, పిల్లలకి అదే సగం మ్యూజియం.

ఒకరోజు గ్రీనిచ్‌కి ఇచ్చేయండి, అందరికీ ఊపిరి పీల్చుకునే రోజు అది. బ్యాంక్ స్టేషన్‌లో లూయిషమ్ వెళ్లే డీఎల్ఆర్ ఎక్కండి, డ్రైవర్ ఉండడు, మొట్టమొదటి సీట్లో కూర్చుంటే పిల్లలే ట్రైన్ నడుపుతున్నట్టు ఉంటుంది, ఆ సీటు కోసం ఒక ట్రైన్ వదిలేసినా తప్పులేదు. కటీ సార్క్ స్టేషన్‌లో దిగితే పక్కనే 1869 నాటి టీ ఓడ, కొంచెం నడిస్తే మారిటైమ్ మ్యూజియం ఫ్రీ, అక్కడ నేల మీద పరిచిన పెద్ద ప్రపంచ పటం మీద పిల్లలు పరిగెత్తొచ్చు. గుట్ట మీద అబ్జర్వేటరీలో సున్నా డిగ్రీల రేఖ మీద అటొక కాలు ఇటొక కాలు వేయాలంటే టికెట్ కావాలి, గుట్ట మీద నుంచి ఊరు చూడ్డానికి మాత్రం ఏమీ అక్కర్లేదు. ఎక్కలేని వాళ్లు కింద గడ్డి మీద కూర్చోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు థేమ్స్ మీద బోట్‌లో రండి, ఆ బోట్‌కి కూడా ఓయిస్టర్ పనిచేస్తుంది, విడిగా క్రూజ్ టికెట్ కొనక్కర్లేదు.

ఊరంతా పైనుంచి చూడాలనుంటే లండన్ ఐ అనే జెయింట్ వీల్‌కి ఆరుగురికి టికెట్లు కొనే ముందు ఎత్తైన భవనాల పైన ఉండే స్కై గార్డెన్, హొరైజన్ 22 చూడండి. రెండూ ఫ్రీ, ఆన్‌లైన్‌లో ముందే స్లాట్ తీసుకోవాలి, వదిలిన కాసేపటికే అయిపోతాయి, ఎప్పుడు వదులుతారో చూసి అలారం పెట్టుకోండి.

తిండి, బాత్‌రూమ్ ఈ రెండూ ప్లాన్‌లో రాయకపోతే రోజంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. ట్యూబ్ స్టేషన్లు చాలావాటిలో టాయిలెట్ ఉండదు, కింగ్స్ క్రాస్, పాడింగ్టన్, విక్టోరియా లాంటి పెద్ద రైల్వే స్టేషన్లలో ఫ్రీగా ఉంటాయి, మ్యూజియంల నుంచి బయటికొచ్చే ముందు అందరూ వెళ్లిరావాలి, అవసరం ఉన్నా లేకపోయినా. ట్యాప్ నీళ్లు తాగొచ్చు, ఇంటి నుంచి సీసాలు తీసుకెళ్లండి. మధ్యాహ్నం సూపర్ మార్కెట్‌లో మీల్ డీల్ (శాండ్‌విచ్, చిరుతిండి, డ్రింక్ కలిపి ఒకే రేటు) కొనుక్కుని పార్కులో కూర్చుంటే డబ్బు మిగులుతుంది, కాళ్లకి విశ్రాంతి కూడా. పెద్దవాళ్లు వేడిగా మన తిండి కావాలంటే యూస్టన్ వెనక డ్రమండ్ స్ట్రీట్‌లో శాకాహారం హోటళ్లున్నాయి, దోసెలు కావాలంటే టూటింగ్, ఈస్ట్ హామ్ వైపు వెళ్లాలి, అవి కొంచెం దూరం.

తప్పిపోవడం గురించి మొదటి రోజే అందరూ కూర్చుని మాట్లాడుకోండి. మా రూల్ ఇది, ట్యూబ్ తలుపులు మూసుకుని ఎవరైనా ప్లాట్‌ఫామ్ మీద ఉండిపోతే వాళ్లు అక్కణ్ణుంచి కదలకూడదు, ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి రావాలి. పిల్లాడు ఒక్కడే ట్రైన్‌లో వెళ్లిపోతే తర్వాతి స్టేషన్‌లో దిగి నిలబడాలి, మేం వస్తాం. దీన్ని బాబుతో రోజూ పొద్దున అప్పజెప్పించుకునేదాన్ని. హోటల్ నుంచి బయల్దేరే ముందు పిల్లలకి ఒక ఫోటో తీయండి, ఆ రోజు ఏ రంగు జాకెట్ వేసుకున్నారో ఎవరైనా అడిగితే కంగారులో గుర్తురాదు. నంబర్ రాసిన బ్యాండ్ చేతికి కట్టండి, తాతగారికి కూడా. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడాలి, ఎడమవైపు నడిచేవాళ్లకి. రోడ్డు అంచున నిలబడి ఫోన్‌లో మ్యాప్ చూడకండి, బైకుల మీద వచ్చి లాక్కెళ్లిపోతున్నారు, గోడ వైపు తిరిగి చూసుకోండి. ఎమర్జెన్సీకి 999, అంత అర్జెంట్ కాని జ్వరం లాంటివాటికి 111.

చలికాలం వెళ్లేవాళ్లు ప్లాన్ ఇంకా తగ్గించుకోవాలి, డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడిపోతుంది, జూన్‌లో అయితే తొమ్మిది దాటినా వెలుతురే. ఏ కాలమైనా గొడుగు కన్నా టోపీ ఉన్న రెయిన్ జాకెట్ మేలు, చెయ్యి ఖాళీగా ఉంటుంది పిల్లల్ని పట్టుకోడానికి. ప్లగ్గులు మూడు చదరపు పిన్నులవి, అడాప్టర్ రెండు తీసుకెళ్లండి.

షాపింగ్‌కి ఒక పూట చాలు, ట్యాక్స్ వెనక్కొస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, షాపుల్లో కొని మనతో తెచ్చుకునే వాటికి 2021 నుంచి అది లేదు. ఆ పూట అందరూ కలిసే వెళ్లాలని లేదు, మా ఆయన పాపని తీసుకుని షాపులకెళ్లారు, నేను అమ్మానాన్నా బాబూ పార్కులో ఉడతల్ని చూస్తూ కూర్చున్నాం.

చివరి రోజు ఏమీ పెట్టుకోకండి. పెట్టెలు హోటల్‌లోనే ఉంచమంటే ఉంచుతారు, ఎవరికి ఏది మళ్లీ చూడాలనిపిస్తే దానికి ఒకసారి వెళ్లి రండి. ఓయిస్టర్‌లో మిగిలిన డబ్బుల కోసం ఎయిర్‌పోర్ట్‌లో క్యూలో నిలబడక్కర్లేదు, అందులో బ్యాలెన్స్‌కి గడువు లేదు. మావి నాలుగు కార్డులు బీరువాలో ఉన్నాయి, ఇప్పటికి రెండుసార్లు మా చుట్టాలు తీసుకెళ్లి తెచ్చిచ్చారు.